మనీలా సీటు

"కొట్టు తియ్యలేదేంరా?" అని దశరథరామయ్య మళ్ళీ అడిగాడు.

కొడుకు సీతారామాంజనేయులు వరండా స్తంభానికి వీపు ఆనించి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. నిన్న సాయంత్రం నందిగామ నుంచి వచ్చి ఎక్కడ కూలబడ్డాడో, పొద్దున్నే లేచి మళ్ళీ అక్కడికే చేరాడు. గడ్డం గీసుకోలేదు. పక్కనున్న కాఫీ చల్లారిపోయి పైన మీగడ కట్టింది.

"నిన్నే అడుగుతున్నా."

"మీరెళ్ళి తియ్యండి నాన్నా."

"నేను తీస్తే వచ్చినవాడల్లా ఏమడుగుతాడు? మీవాడేడీ, మనీలా ఎప్పుడెళ్తున్నాడూ అనడగడూ? ఏం చెప్పమంటావు?"

ఆంజనేయులు తల తిప్పుకున్నాడు.

జగ్గయ్యపేట బజారులో సోమవారం నాడు బేరాలు పెందలాడే మొదలవుతాయి. దశరథరామయ్యగారి కిరాణా హోల్‌సేల్ కొట్టు మూసి ఉండటం చూసి, పల్లెల నుంచి సరుక్కొచ్చిన చిల్లర కొట్లవాళ్ళు "ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అని ఆరా తీస్తున్నారట. పక్కకొట్టు గుమాస్తా వచ్చి చెప్పి వెళ్ళాడు.

"బాగోలేదనే చెప్పాల్సింది," అన్నాడు దశరథరామయ్య లోపలికి వినబడేట్టు. "మొగుణ్ణి కూర్చోబెట్టి పెళ్ళాన్ని విమానం ఎక్కిస్తామంటే ఇంకేం బాగుంటుంది?"

వంటింట్లో పప్పు ఎనుపుతున్న పరమేశ్వరి చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

ఆ ఇంటి కోడలి పూర్తి పేరు కన్యకాపరమేశ్వరి. బెజవాడలో బీకాం రెండో ఏడు చదువుతుండగా పెళ్ళి చేసి పంపారు. ఎనిమిదేళ్ళ నుంచీ ఆ వంటిల్లు, ఆ డాబా, ఇప్పుడు ఆరో ఏట పడ్డ కూతురు. అంతే.

ఈ ఏడు సంక్రాంతి వెళ్ళాక యూనివర్సిటీ వాళ్ళు నందిగామ కాలేజీలో వర్తకుల కోసం ఆదివారం క్లాసులు పెట్టారు. వ్యాపారం చదువు కాలేజీ గోడల మధ్యే ఉండకూడదట, బజారులోకి రావాలట. ఆఖర్న ఒక్కరిని ఎంపిక చేసి, ఫిలిప్పీన్స్ దేశంలోని మనీలాకి నాలుగు నెలల కోర్సుకి పంపుతామన్నారు. పై దేశం వాళ్ళే రానూపోనూ ఖర్చులు భరిస్తారు. ఆంజనేయులు పేరిచ్చాడు. ఆడవాళ్ళు కూడా కొందరుంటేనే క్లాసు నడుపుతామని లెక్చరరు భవానీప్రసాద్ పట్టుబడితే, పెళ్ళాన్ని కూడా బస్సెక్కించాడు. ఊరికే కూర్చుంటే చాలన్నాడు.

నిన్న నందిగామలో చదివిన పేరు పరమేశ్వరిది.

"బాబుగారూ, కోటు తెచ్చానండీ."

గుమ్మంలో దర్జీ ప్రేమదాసు నవ్వు ముఖంతో నిలబడి ఉన్నాడు. చేతిమీద తెల్లగుడ్డ కప్పిన కోటు. "ట్రయలు చూసుకుంటే గుండీలు కుట్టేస్తా. ఆ దేశంలో ఉక్క ఎక్కువంటగా. లోపలి లైనింగు పల్చటిది వేశానండీ."

ఆంజనేయులు లేచి డాబా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

"తీసుకెళ్ళవయ్యా ప్రేమదాసూ," అన్నాడు దశరథరామయ్య. "విప్పి మళ్ళీ కుట్టుకురా. మా కోడలికి సరిపోవాలి."

ప్రేమదాసుకి నవ్వాలో వద్దో తెలియలేదు. అటూ ఇటూ చూసి, "మళ్ళీ వస్తానండీ," అని వెనక్కి తిరిగాడు.

నాగేంద్రమ్మ భర్త మీదికి లేచింది. "వీధిలో వాళ్ళ ముందు ఆ మాటలేంటి? ఇంటి పరువు మనమే బజారుకెక్కించుకోవాలా?"

"బజారుకెక్కడం నిన్ననే అయిపోయింది. వర్తక సంఘంలో వాడికి సన్మానం పెడతామన్నారు. దండ ఎవరి మెళ్ళో వేస్తారు ఇప్పుడు?"

"ఇది చేసిన తప్పేవుంది? తీసుకెళ్ళింది వాడు. కూర్చోమంటే కూర్చుంది."

"కూర్చున్నదానికి సీటెలా వచ్చిందే?"

ఆ సారు ఏదో అన్నాడని విన్నా, నాగేంద్రమ్మకీ ఆ అనుమానం పోలేదు. వంటింటి వైపు చూసి, "ఏమ్మా, వింటున్నావా?" అంది.

"వింటున్నా అత్తయ్యా."

"పోనీ నువ్వే చెప్పు. చంటిదాన్ని వదిలేసి నాలుగు నెల్లు ఎక్కడో సముద్రం అవతల ఉండటం అయ్యేపనేనా?"

పరమేశ్వరి బయటికి వచ్చి నిలబడింది. నోరు తెరిచేలోపే దశరథరామయ్య అందుకున్నాడు. "అదే నేననేది. పిల్లని ఎవరు చూస్తారు?"

నాగేంద్రమ్మ చివాలున తిరిగింది. "ఎవరు చూస్తారంటారేంటి? నేను చచ్చానా? మీ కొడుకుని పెంచింది ఎవరు, పక్కింటివాళ్ళా?"

ఆమె ఎవరి పక్షాన మాట్లాడుతున్నదో ఆమెకే తెలియలేదు. దశరథరామయ్య ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు.

"ఆ లెక్చరరు ఇవాళ నందిగామలోనే ఉంటాడన్నారుగా. మనవాణ్ణి కిందికి రమ్మను. నీ కోడల్ని కూడా బయల్దేరమను. పేరు మార్పిద్దాం. ఒకే ఇంటి సీటు, మొగుడెళ్తే ఏంటి పెళ్ళామెళ్తే ఏంటి? పెద్దమనిషిగా నేను అడుగుతా. కాదనడు."

*

డాబా మీద చీరలు పరిచి సగ్గుబియ్యం వడియాలు పోసి ఉన్నాయి. ఆంజనేయులు పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. పరమేశ్వరి పైకి రావడం తెలిసినా తిరిగి చూడలేదు.

"మామయ్యగారు నందిగామ వెళ్దామంటున్నారు."

"విన్నా."

"చొక్కా మార్చుకోండి."

"లోపల ఏం చెప్పావు?"

ఆమె వంగి ఒక చీర అంచు సరిచేసింది.

"నిన్న కమిటీ వాళ్ళు నిన్ను లోపలికి పిలిచి అంతసేపు కూర్చోబెట్టారే. నన్ను ఇట్టే పంపేశారు. అంతసేపు ఏం మాట్లాడావు?"

"అడిగినవాటికి చెప్పా."

"నా గురించి అడిగారా?"

"అడిగారు."

"ఏం చెప్పావు?"

"మంచే చెప్పానండీ. మిమ్మల్నే పంపమన్నా."

ఆంజనేయులు అప్పుడు తిరిగాడు. నిద్రలేని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మంచి చెబితే నన్నెందుకు తీసేస్తారు? నాకు తెలియదనుకున్నావా? ముందు బెంచీలో నేను కూర్చున్నా. వాళ్ళు చెప్పింది ప్రతీదీ రాసుకున్నా. నువ్వు వెనకాల ఆ చిల్లకల్లు కృపావతితో గుసగుసలాడుతూ కూర్చున్నావు. ఆ కమిటీ పెద్దాయన ముందు ఏదో అని ఉంటావు."

"అలా అనకండి."

"మా ఆయనకి చేతకాదన్నావా?"

"లేదు."

"మా మామగారి చాటు మనిషి అన్నావా?"

"లేదండీ."

"మరేమన్నావు?"

చెప్పాలని పరమేశ్వరి రాత్రంతా అనుకుంది. చెబితే అతను ఏమైపోతాడోనని భయం. చెప్పకపోతే ఇదిగో, ఇలా. కింద నుంచి దశరథరామయ్య కేక వినబడింది. "బస్సు టైమవుతోంది!"

"నీకు వెళ్ళాలని ఉందా?" అని అడుగుతాడేమోనని ఆమె ఇంకా నిలబడింది. అడగలేదు. ఆమెను తప్పుకుని మెట్లు దిగి వెళ్ళాడు. పరధ్యానంలో ఒక వడియం అతని కాలికింద పడి చితికింది.

*

నందిగామ కాలేజీకి ఎండాకాలం సెలవులు. చివరి గదిలో భవానీప్రసాద్ ఒక్కడే కూర్చుని క్లాసుల పటాలు చుట్టి కట్టలు కడుతున్నాడు. మర్నాడు యూనివర్సిటీకి తిరుగు ప్రయాణం. ముగ్గురినీ చూడగానే వచ్చిన పని అర్థమైనట్టు కుర్చీలు లాగాడు.

దశరథరామయ్య తిన్నగా విషయంలోకి వచ్చాడు. "అయ్యా, మీరు చదువుకున్నవారు. మా ఇంటికి సీటిచ్చారు, సంతోషం. కాకపోతే మావాడి పేరు రాయండి. కోడలిది కొట్టేసి."

"అలా రాయడానికి వీల్లేదండీ."

"ఒకే ఇల్లండీ."

"ఇంటికి ఇవ్వలేదండీ, మనిషికి ఇచ్చాం. అమ్మగారు వద్దనుకుంటే ఆ తర్వాతి పేరువాళ్ళకి పోతుంది."

"ఎవరా తర్వాత?"

"కృపావతిగారు. చిల్లకల్లులో హైవే మీద మెస్సు నడుపుతున్నారు."

దశరథరామయ్య వెనక్కి వాలాడు. కృపావతి మెస్సు ఆయనకు తెలుసు. లారీలవాళ్ళు తినే చోటు. బియ్యం, పప్పు ఈయన కొట్లోనే పట్టుకెళ్తుంది, మెట్ల కింద నిలబడి. "అంటే మావాడు ఆవిడ తర్వాత కూడా లేడా?"

భవానీప్రసాద్ ఇంకో పటం చుట్టసాగాడు.

"అడిగిందానికి చెప్పండి సార్. మావాడిలో లోపమేంటి? నోరు లేదా, చదువు లేదా? పదేళ్ళ నుంచీ కొట్లో కూర్చుంటున్నాడు."

"లోపమని కాదండీ." భవానీప్రసాద్ మాటలు వెతుక్కున్నాడు. "వచ్చే ఏడు ఇంకో రెండు దేశాల కాలేజీలతో మాట్లాడుతున్నాం. కొలంబోలో ఒకటి, ఇంగ్లండులో ఒకటి. ఆంజనేయులుగారు అప్పుడు మళ్ళీ ప్రయత్నించవచ్చు. ముందు మాత్రం..." అని ఆగి, తనకు తెలియకుండానే పరమేశ్వరి వైపు చూశాడు.

ఆ చూపు ముగ్గురూ చూశారు.

ఆంజనేయులు నెమ్మదిగా అన్నాడు. "నువ్వే చెప్పు. పొద్దున్నించీ అడుగుతున్నా."

గదిలో ఫ్యాను కీచుమంటూ తిరుగుతోంది. పరమేశ్వరి చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"మీ ఇద్దర్లో ఒక్కరినే పంపాలంటే ఎవర్ని పంపమంటావమ్మా అనడిగారు. మా ఆయన్నే పంపండి అన్నా. ఎందుకన్నారు." ఆమె కొంగు వదిలేసింది. "ఆయనకి కొట్లో ఊపిరాడటం లేదండీ అన్నా. సాయంత్రం ఇంటికొస్తే మాటుండదు, పొద్దున తాళాలు పట్టుకునేటప్పుడు ముఖం చూడలేం, కొన్నాళ్ళు దూరం వెళ్తే మనసు కుదుటపడుతుందేమో, దయచేసి పంపండి అన్నా. మీ మంచికేనండీ. నిజంగా మీ మంచికే."

భవానీప్రసాద్ తలవంచుకున్నాడు. వ్యాపారమంటే ఊపిరాడని మనిషిని వ్యాపారం నేర్చుకోవడానికి పంపడానికి ఏ కమిటీ ఒప్పుకుంటుంది?

ఆంజనేయులు కుర్చీలోంచి లేచాడు. ఏదో ఒక రాత్రి దుప్పటి కప్పుకుని, చీకట్లో, ఆమెకి ఒక్కదానికే చెప్పుకున్న మాట అది. ఇప్పుడు తండ్రి ముందు, మేష్టరు ముందు, పట్టపగలు పడి ఉంది.

"అబద్ధం," అన్నాడు దశరథరామయ్య. "అబద్ధమని చెప్పరా."

ఆంజనేయులు నేల చూపులు చూశాడు.

"ఏరా?"

"నిజమే నాన్నా."

"ఏంటి నిజం?"

"కొట్టంటే నాకు పడదు. మొదట్నించీ పడదు." ఒక్కసారి మొదలయ్యాక అతని నోరు ఆగలేదు. "మనీలా అయితేనేం, కొలంబో అయితేనేం సార్. నాకు ఏ దేశమైనా ఒకటే. కొట్టు కాకపోతే చాలనుకున్నా. ఆ ఆదివారం క్లాసులకి కూడా అందుకే వచ్చా. వారంలో ఒక్కరోజు ఆ గల్లాపెట్టె మొహం చూడక్కర్లేదని."

"మరి నీకేం కావాల్రా?"

"చిల్లకల్లులో కొండలరావు లారీ షెడ్డుంది."

"అయితే?"

"సరుకు లారీ పాడైందని చెప్పి ఎన్నోసార్లు అక్కడ పొద్దుగూకేదాకా ఉండిపోయా. లారీకి ఏమీ అవలేదు. ఇంజను విప్పుతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. తర్వాత తర్వాత నేనే విప్పా."

కొడుకు తాగుతాడంటే కూడా దశరథరామయ్య అంత ఆశ్చర్యపోయేవాడు కాదేమో. శెట్టిగారి కొడుకు చేతికి గ్రీజు! ఉత్తరీయం దులిపి లేచాడు.

"సరే. అయిపోయింది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. సీటు ఆ మెస్సావిడకే ఇచ్చుకోండి సార్. పదండి."

"లేదు సార్," అన్నాడు ఆంజనేయులు. "ఆవిడ వెళ్తుంది. రాసుకోండి."

"వెళ్ళదు."

"వెళ్తుంది. నా పేరు చెప్పి ఇంట్లో ఇంకొకళ్ళని కూర్చోబెట్టొద్దు నాన్నా."

"నా ఇంట్లో మాట నీదా నాదా?"

"మీదే. అందుకే ఇన్నేళ్ళూ నోరెత్తలేదు."

ఇద్దరూ నిలబడి ఉన్నారు. మధ్యలో కుర్చీలో పరమేశ్వరి. తల మీద నుంచి మాటలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతున్నాయి. నిన్నటి నుంచీ ఇంతే. ఇంట్లో ఇంతే, బస్సులో ఇంతే. ఆమె లేచి నిలబడింది.

"నన్నెవరూ అడగలేదు," అంది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"వెళ్ళదని మీరంటున్నారు. వెళ్తుందని ఆయనంటున్నారు. నిన్నటి నుంచీ ఒక్కళ్ళు కూడా, నీకెలా ఉందే అనడగలేదు." అని భవానీప్రసాద్ వైపు తిరిగింది. "సార్, అక్కడ ఏం నేర్పుతారు?"

భవానీప్రసాద్ తెల్లబోయాడు. విమానం గురించి, ఉక్క గురించి, తిండి గురించి ఈ మూడు నాలుగు నెలల్లో చాలామంది అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"మీలాంటి చిన్న వర్తకులే వస్తారమ్మా. శ్రీలంక నుంచి, నేపాల్ నుంచి, మలేసియా నుంచి. కొనేవాళ్ళు ఎందుకు కొంటున్నారు, ఎందుకు రావటం మానేస్తున్నారు, సరుకు ఎలా నిలవ చెయ్యాలి, ఇంటివాళ్ళంతా కలిసి చేసే వ్యాపారంలో ఎవరి మాట ఎంతవరకు చెల్లాలి, ఇలాంటివి. సగం రోజులు క్లాసుల్లో, సగం రోజులు అక్కడి బజార్లలో."

"నాకు ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ మాట్లాడటానికి నోరు తిరగదు."

"వెళ్ళేముందు యూనివర్సిటీలో మూడు వారాలు నేర్పిస్తాం."

"నేను వద్దంటే కృపావతికి ఖాయంగా వస్తుందా?"

"వస్తుంది."

ఆమె కళ్ళు మూసుకుంది. ఒక ఆదివారం టీ ఇచ్చేటప్పుడు కృపావతి అన్న మాట గుర్తొచ్చింది. 'నాకొస్తే నువ్వు ఏడవకు అక్కా, నీకొస్తే నేను ఏడుస్తా. ఆ ఒక్కరోజే.' నవ్వుతూనే అంది. నవ్వు కాదు అది.

"వెళ్తానండీ," అంది పరమేశ్వరి. "నా పేరే ఉంచండి."

దశరథరామయ్య చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

*

బస్టాండులో ముగ్గురూ మూడు చోట్ల నిలబడ్డారు. దశరథరామయ్య సోడాబండి నీడలో. పరమేశ్వరి ఆడవాళ్ళ బెంచీ దగ్గర. ఆంజనేయులు ఎండలో.

కాసేపటికి అతనే దగ్గరికి వచ్చాడు. "అదొక్కటీ చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు.

"తెలుసు."

"నా మంచికని నువ్వనుకున్నావు."

"అవునండీ."

"నేను నమ్ముతున్నా. కానీ కోపం పోవటం లేదు." అతను చేతులు చూసుకున్నాడు. "ఇప్పుడప్పుడే పోదేమో కూడా."

ఆమె తలూపింది. ఓదార్పు మాట చెప్పనందుకు ఎందుకో తేలికగా అనిపించింది. ఎర్ర బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చింది.

బస్సు కదిలాక కండక్టరు దశరథరామయ్య దగ్గరికి వచ్చాడు. ఆయన డబ్బు తీసిచ్చి, "మూడు, పేట," అన్నాడు.

వెనకసీట్లో నుంచి ఆంజనేయులు గొంతు వినబడింది. "రెండు పేట. ఒకటి చిల్లకల్లు."

కండక్టరు ఇద్దరినీ చూశాడు. "ఏదో ఒకటి చెప్పండి."

దశరథరామయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. కండక్టరు విసుక్కుంటూ మూడు టిక్కెట్లు చింపాడు. రెండు పేటకి, ఒకటి చిల్లకల్లుకి.

చిల్లకల్లులో ఆంజనేయులు దిగాడు. దిగి, కిటికీ దగ్గరికి వచ్చి, "పిల్ల అడిగితే పొద్దుటికి వస్తానని చెప్పు," అన్నాడు భార్యతో. తండ్రితో ఏమీ అనలేదు. లారీల వరస వెంట, ఇస్త్రీ చొక్కాతోనే, రేకుల షెడ్డు వైపు నడిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. బస్సు హైవే వదిలి పేట రోడ్డు పట్టింది.

నడిచే దారికి అవతలి సీట్లో ఉన్న దశరథరామయ్య, తల తిప్పకుండానే పిలిచాడు. "అమ్మాయ్."

ఎప్పుడూ ఏ మాటైనా అత్తగారి చేత చెప్పించే మనిషి.

"ఏంటి మామయ్యగారూ?"

"ఎప్పట్నించి? వాడికి కొట్టంటే పడకపోవటం."

"మా పెళ్ళి కాకముందు నుంచేనండీ. నాకు తెలిసింది మొదటి ఏడు."

"ఇన్నేళ్ళు ఒక్క పంక్తిలో అన్నం తిన్నాం. నాతో ఎవరూ చెప్పలేదే."

"మీతో చెప్పేవాళ్ళెవరండీ?"

ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. ఆ ముసలాయన దవడ ఎముక ఒకసారి కదిలింది. పొలాల్లో పత్తి కట్టెలు కాలుస్తున్న పొగ బస్సులోకి వచ్చి పోయింది.

"రేపట్నించి కొట్లో నువ్వు కూర్చో," అన్నాడు.

పరమేశ్వరి సరిగా విన్నానా అనుకుంది.

"నా పక్కన. గల్లాపెట్టె దగ్గరే. వాడిక రాడు, వాడి మొండితనం నాదే, నాకు తెలుసు. నాకు ఒక్కడికీ ఓపిక లేదు." ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ సారు నిన్న పేరు చదివేటప్పుడు అన్నాడట గదా, వ్యాపారమంటే నీకు ప్రాణమని, మా ఇంట్లో నిన్ను కొట్టు మెట్లెక్కనివ్వరని నువ్వే చెప్పావని. మీ అత్త చెబితే నేను నమ్మలేదు. ఎక్కు. ఎవడేమంటాడో నేను చూసుకుంటా."

దీపావళి నాడు లక్ష్మీపూజకి తప్ప ఆమె ఆ మెట్లెక్కి ఎరగదు. అప్పుడు కూడా పసుపు, కుంకుమ పెట్టి, పళ్ళెం పట్టుకుని తిరిగి వచ్చేయడమే. ఎండుమిరపకాయల ఘాటు, బెల్లం వాసన, తూకం రాళ్ళ చప్పుడు. తిరిగి వచ్చాక కూడా అవి రెండు రోజులు చీరలోనే ఉన్నట్టుండేవి. ఈ మాట పోయిన ఆదివారం అని ఉంటే ఆయన కాళ్ళకి మొక్కేది.

"వచ్చాక కూర్చుంటా మామయ్యగారూ. నాలుగు నెల్లేగా."

"నాలుగు నెల్లు కొట్టు నీకోసం కాచుకుని ఉంటుందా? వచ్చేవన్నీ పండగల రోజులు. మా చెల్లెలి కొడుకుని రప్పించి కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టాక, నా కోడలొచ్చింది లేవరా అంటే బావుంటుందా?"

"అంటే?"

"అంటే ఏముంది. రేపు కొట్టుకొస్తే కొట్టు నీది. ఆ సారుకి కబురు పంపుదాం, సీటు ఆ మెస్సావిడకి పోతుంది, ఆమె సంతోషిస్తుంది. విమానం ఎక్కితే మాత్రం..." ఆయన మాట మింగేశాడు. "బెదిరించటం లేదమ్మా. ఉన్నది చెబుతున్నా."

బెదిరించటం లేదని ఆమెకీ తెలుసు. అదే కష్టంగా ఉంది. తిడితే ఎదురు చెప్పడం ఇవాళే నేర్చుకుంది. ఇస్తానన్నవాడికి ఏం చెప్పాలి?

పేటలో బస్సు ఆగింది. జనం తోసుకుంటూ దిగారు. దశరథరామయ్య దిగి, అలవాటు ప్రకారం నాలుగడుగులు ముందుకు నడిచాడు. ఆగాడు. బజారులో తెలిసినవాళ్ళు నమస్కారాలు పెడుతున్నా పట్టించుకోకుండా వెనక్కి తిరిగి, కోడలి కోసం నిలబడ్డాడు.

"ఇప్పుడే చెప్పక్కర్లేదు," అన్నాడు. "రాత్రి ఆలోచించుకో. రేపు పొద్దున చెప్పు."

పరమేశ్వరి బస్సు మెట్టు మీద, కడ్డీ పట్టుకుని ఉంది. వెనక నుంచి ఎవరో "దిగమ్మా" అని గదమాయించారు. ఆమె దిగింది. కొంగు భుజం మీదికి లాక్కుని, మామగారికి ఎదురుగా వచ్చి, మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది.

"రేపటిదాకా ఎందుకు మామయ్యగారూ?" అంది, నందిగామలో 'నా పేరే ఉంచండి' అన్న గొంతుతోనే. "ఇప్పుడే చెప్తా."